తొమ్మిది వయొలిన్లు, అయిదుగురు పిల్లలు: ఎక్కడ తప్పు చేశాను?

పాత కమాను (ప్రశ్న)

నేను విద్వాంసుణ్ణి కాదు. పన్నెండో ఏట వయొలిన్ పట్టుకున్నాను, కీర్తనలకు ముందు నేర్పే వర్ణాల దాకా వచ్చాను. ఆ తర్వాత చదువు అడ్డం వచ్చింది, చదువు తర్వాత ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్లు జమాఖర్చుల పుస్తకాలతో కాపురం చేసి, పదవీ విరమణ చేసిన మర్నాడే అటక మీది పెట్టె దించాను. కమాను (తీగల మీద గీసే బద్ద) వెంట్రుకలు సగం పురుగులు తినేశాయి. చెయ్యి మాత్రం ఏమీ మరిచిపోలేదు.

పోయిన ఏడాది, ఫీజు కట్టుకోలేని ఇళ్ల పిల్లలకు ఉచితంగా నేర్పుదామని మొదలుపెట్టాను. గ్రంథాలయం వెనక ఉన్న గదిని శని, ఆదివారాల్లో సాయంత్రం రెండేసి గంటలు వాడుకోనిచ్చారు. తెలిసినవాళ్లందరి ఇళ్లలో మూల పడి ఉన్న వాయిద్యాలు అడిగి అడిగి తొమ్మిది వయొలిన్లు పోగుచేశాను. పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు, ఎనిమిదేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు వాళ్లు. తొమ్మిది వయొలిన్లను ఒక్కసారిగా బరబరా గీస్తుంటే వినడానికి గుండె దిటవు కావాలి. నాకైతే ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఇప్పుడు తొమ్మిది నెలలైంది. అయిదుగురు మిగిలారు. వాళ్లలో ఇద్దరు వారం విడిచి వారం వస్తారు.

చెప్పి మానేసినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ వారం ఒకరు తగ్గారు, పై వారం ఇద్దరు తగ్గారు, అంతే. అందరిలోకీ మంచి చెవి ఉన్న పిల్లవాడు ఒకడుండేవాడు. ఎవరి షడ్జమైనా (సా స్వరం) వెంట్రుకవాసి దిగితే ముఖం చిట్లించేవాడు. మూడో నెలలో వాడూ రావడం మానేశాడు. ఒకరోజు దారిలో ఎదురుపడి, "వస్తాను సార్" అని పక్క సందులోకి తిరిగిపోయాడు.

నేను నేర్చుకున్న వరసలోనే నేర్పాను. మాయామాళవగౌళ రాగంలో మొదటి స్వర పాఠాలైన సరళి వరుసలు మూడు కాలాల్లో (వేగాల్లో), ఆ తర్వాత ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పలికించే జంట వరుసలు. ఎక్కువమంది జారిపోయింది జంట వరుసల దగ్గరే. రోజూ ఇంట్లో అరగంట సాధన చేయమని ప్రతి వారం చెప్పేవాణ్ణి. వయొలిన్లు మాత్రం ఇంటికి ఇవ్వలేదు, పాడైపోతాయని భయం. (ఇప్పుడు ఇది రాస్తుంటే నాకే నవ్వు వస్తోంది. సాధన చేయమంటాను, వాయిద్యం మాత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తాను.)

మిత్రులు తలా ఒక మాట చెబుతున్నారు. ఉచితంగా వచ్చినదానికి విలువ ఉండదు, కొంచెమైనా ఫీజు పెట్టమని ఒకరు. దాతలను పట్టుకుని ఇంకో పది వయొలిన్లు తెమ్మని ఇంకొకరు. ఈ వయసులో ఎందుకయ్యా ఈ తంటా అని మా ఇంట్లోవాళ్లు. ఇలాంటి తరగతులు నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మొహమాటం వద్దు. లెక్క తప్పినచోట ఎర్ర సిరాతో గీతలు పడటం నాకు అలవాటే.

---

గమకం

పాత కమాను గారూ, మీ ప్రశ్నకు జవాబు మీరే బ్రాకెట్లలో రాసుకున్నారు. అయినా అడిగారు కాబట్టి ఎర్ర సిరా తీస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పదకొండేళ్లుగా ఫీజు లేని తరగతి కూడా నడుపుతున్నాను. మొదటి రెండేళ్లలో మీరు చేసిన తప్పులన్నీ చేశాను, మీరు చేయనివి ఇంకో రెండు చేశాను.

వాయిద్యం లేకపోవడం అన్నింటికంటే పైకి కనబడే లోటు. అందుకే అందరం ముందు దాని మీద పడతాం. కానీ మీ పిల్లల్లో ఒకరికి రేపు వయొలిన్ ఇచ్చి పంపారనుకోండి. ఇల్లంతా ఒకటే గది. తండ్రి రాత్రి పని చేసి వచ్చి పగలు పడుకుంటాడు. చంటిపిల్ల ఉంటుంది. గోడకు అవతల ఇంకో కుటుంబం. మొదటి ఏడాది వయొలిన్ మోతను కన్నతల్లి కూడా భరించలేదు, మన అమ్మలు ఎలా భరించారో ఆ దేవుడికే తెలియాలి. మనకు ఇంకో గది ఉండేది, అదీ అసలు రహస్యం. కాబట్టి వయొలిన్ ఇంటికి పంపాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. సాధనకు చోటెక్కడ అన్నది మొదటిది.

వారానికి రెండు రోజులు రెండేసి గంటలు అంటున్నారు కదా. అవే నాలుగు గంటలను నాలుగు రోజులకు పంచండి. రెండు రోజులు పాఠం, రెండు రోజులు ఉత్త సాధన. సాధన రోజున మీరేమీ చెప్పకండి. తలుపు తీసి, శ్రుతి పెట్టి, ఒక మూల కూర్చుని మీ పేపరు చదువుకోండి. నేను ఆ పని మొదలుపెట్టిన ఏడాది నుంచే పిల్లలు నిలబడటం మొదలైంది.

పరాగ్వే రాజధాని అసున్సియోన్ పక్కన కతేఉరా అనే చెత్తకుప్పల బస్తీ ఉంది. అక్కడ ఫావియో చావేస్ అనే ఆయన పిల్లలకు సంగీతం నేర్పబోతే మీకు వచ్చిన చిక్కే వచ్చింది. వాయిద్యాలు చాలలేదు. పైగా మంచి వయొలిన్ ధర అక్కడి ఇంటి విలువను మించిపోతుంది, అలాంటి వస్తువును పిల్లవాడి చేతికిచ్చి ఇంటికి పంపితే వాడికే ప్రమాదం. చెత్త ఏరుకునే నికొలాస్ గోమెస్ అనే వడ్రంగి పనివాడు నూనె డబ్బాలతో, పారేసిన చెక్కలతో, ఫోర్కులతో వయొలిన్లు, చెల్లోలు (పెద్ద వయొలిన్ లాంటివి) చేసిపెట్టాడు. లోకమంతా ఆ డబ్బా వయొలిన్లను చూసి ముచ్చటపడింది. నాకు ముచ్చట వేసింది ఇంకో సంగతి: దొంగ ఎత్తుకుపోవాలనుకోని వాయిద్యాన్ని పిల్లవాడు భయం లేకుండా ఇంటికి తీసుకెళ్లగలడు. మీ బీరువా తాళం గురించి ఆలోచిస్తుంటే ఇదే గుర్తొచ్చింది.

ఇక ఫీజు. నేను చేసిన, మీరు ఇంకా చేయని తప్పుల్లో ఇది మొదటిది. "విలువ తెలుస్తుంది" అని నాకూ చెప్పారు, నేనూ నమ్మాను. చాలా చిన్న మొత్తం పెట్టాను. నాలుగు నెలల్లో ఆరుగురు వెళ్లిపోయారు. తర్వాత తెలిసింది, ఆ ఆరుగురూ రెండేసి నెలలు బాకీ పడ్డవాళ్లే. నేను ఎవరినీ అడగలేదు. అడగకపోయినా బాకీ బాకీనే కదా, పిల్లలకు తెలుసు. విలువ తెలియాలంటే బాధ్యత ఇవ్వండి: చాపలు పరచడం, హాజరు రాయడం, చిన్నవాళ్ల చేత పాటకు తాళం వేయించడం. డబ్బు మాట ఎత్తకండి.

అయితే ఉచితమని బోర్డు పెట్టినంత మాత్రాన పేదపిల్లలే వస్తారనీ అనుకోకండి. వెనెజువేలాలో 1975లో హోసే అంతోనియో అబ్రేయు అనే ఆర్థికవేత్త, సంగీతకారుడు పదకొండు మందితో ఒక గ్యారేజీలో వాద్యబృందం మొదలుపెట్టాడు. అదే తర్వాత ఎల్ సిస్తేమా అయింది. ప్రభుత్వ ధనంతో దేశమంతా పాకి లక్షల మంది పిల్లలకు చేరింది. ప్రసిద్ధ వాద్యబృంద నిర్దేశకుడు గుస్తావో దుదమెల్ అక్కడి విద్యార్థే. అంత పెద్ద వ్యవస్థ మీద ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ పరిశోధకులు దాదాపు 2,900 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. అందులో పేదరికంలో ఉన్న పిల్లలు 16.7 శాతం. అవే రాష్ట్రాల్లో ఆ వయసు పిల్లలందరిలో పేదరికంలో ఉన్నవారు 46.5 శాతం. అంటే ఖర్చు లేని తలుపు తీసి పెట్టినా, ఆ తలుపు దాకా రాగలిగేది ముందు కాస్త వెసులుబాటు ఉన్నవాళ్లే. దించడానికి ఒక పెద్ద మనిషి, తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంకొకరు, సాయంత్రం పనికి వెళ్లక్కర్లేని ఇల్లు, ఇవన్నీ ఉండాలి.

అందుకే ఒక మాట అడుగుతున్నాను. ఆ పిల్లవాడు పక్క సందులోకి ఎందుకు తిరిగాడో మీరు కనుక్కున్నారా?

ఇంకొక్కటి. నా తరగతిలో మొదటి మూడు నెలలు వాయిద్యం ముట్టుకోనివ్వను. గొంతు, చేతులు, అంతే. స్వరాలు పాడతారు, ఆదితాళం ఎనిమిది అక్షరాలు తొడ మీద వేస్తారు, తకిట తకధిమి నోటితో పలుకుతారు. హంగరీలో జోల్తాన్ కొదాయ్ అనే స్వరకర్త పిల్లల సంగీత విద్య మొత్తాన్ని పాట మీదే నిలబెట్టాడు, వాయిద్యం ఆ తర్వాతే. ఎల్ సిస్తేమాలోనూ చిన్నపిల్లలు కాగితపు గుజ్జుతో చేసిన ఉత్తుత్తి వాయిద్యాలు పట్టుకుని ముందు కూర్చోవడం, పట్టుకోవడం నేర్చుకుంటారు. గొంతును ఎవరూ ఎత్తుకుపోరు. తమ్ముణ్ణి ఎత్తుకుని కూడా సాధన చేయవచ్చు. సంప్రదాయవాదులు తిడతారేమో గానీ, రెండో నెలకల్లా ఒక చిన్న గీతం కూడా నేర్పేస్తాను. జంట వరుసలు ఇంట్లో పాడి వినిపిస్తే ఏ అమ్మ మురిసిపోతుంది చెప్పండి! ఇంటికి పట్టుకెళ్లడానికి ఒక పాట ఉండాలి.

---

బిరడా

నేను వయొలిన్లు బాగుచేస్తాను. పెద్ద పెద్ద విషయాలు గమకం గారు చెప్పారు, నాది చిన్న ప్రశ్న. ఆ తొమ్మిదిలో ఫుల్ సైజువి ఎన్ని?

అటక మీంచి దిగేవన్నీ దాదాపు పెద్దవాళ్ల వాయిద్యాలే. వయొలిన్లలో పదహారో వంతు దగ్గర నుంచి ఎనిమిదో వంతు, పావు, అర, ముప్పావు అని కొలతలున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లకు ఫుల్ సైజు ఇస్తే ఎడమ చెయ్యి పూర్తిగా చాచినా వేళ్లు స్థానాలకు అందవు. మెడ పట్టేస్తుంది, స్వరం పలకదు. ఆ పిల్ల "వయొలిన్ పెద్దది" అనుకోదు. "నాకు రాదు" అనుకుంటుంది. ఎడమ చెయ్యి పక్కకు చాపించి, మెడ దగ్గర నుంచి అరచేతి మధ్య వరకు టేపుతో కొలవండి. సుమారు 58 సెంటీమీటర్లు దాటితేనే ఫుల్ సైజు. పిల్లలు ఎదుగుతారు కాబట్టి ఒకటి రెండేళ్లకోసారి మార్చాల్సి వస్తుంది. ఇచ్చేసేవి కాకుండా, గ్రంథాలయం పుస్తకంలా తీసుకుని తిరిగి ఇచ్చేవిగా పెట్టుకుంటే సరిపోతుంది. మీ గదికి ఆ అలవాటు ఎలాగూ ఉంది.

దాతలు దొరికితే ఇంకో పది వయొలిన్లు మాత్రం అడగవద్దు. తీగలు అడగండి, కమానుకు రాసే రోజిన్ అడగండి, కమానులకు వెంట్రుకలు మార్పించే ఖర్చు అడగండి. వాయిద్యం ఇచ్చినవాళ్లు ఫొటో దిగుతారు, తీగ ఇచ్చినవాళ్లకు ఫొటో ఉండదు, అందుకే తీగలు దొరకవు. తెగిన తీగతో రెండు వారాలు బీరువాలో ఉన్న వయొలిన్, రెండు వారాలు ఖాళీగా కూర్చున్న పిల్లవాడు ఒకటే.

ఇంకో హెచ్చరిక. నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేయకండి. గుర్రం, అంటే తీగలను మోసే చిన్న చెక్క, పడిపోతుంది. లోపల సౌండ్ పోస్ట్ అని చిన్న చెక్క పుల్ల నిలబడి ఉంటుంది. దానికి జిగురు ఉండదు, తీగల బిగువు మీదే నిలుస్తుంది. అదీ పడిపోతే వయొలిన్ గొంతు మూగబోతుంది. కదిపితే లోపల పుల్ల గలగలమంటే అదే కారణం. ఇంట్లో చీపురుపుల్లతో నిలబెట్టే ప్రయత్నం చేయకండి. చేసినవాళ్లను చూశాను.

---

లెక్కల మాస్టారు

అందరూ నన్ను తిట్టుకున్నా సరే. ఆ రెండు గంటలూ ఆ పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెబితే బతుకుదెరువుకు పనికొస్తుంది కదా? సంగీతం వింటే తెలివి పెరుగుతుందని ఎక్కడో చదివాను. అదే కారణమైతే నేరుగా తెలివి పెరిగే పనే చేయవచ్చు.

---

గమకం

మాస్టారూ, తిట్టుకోను. ఆ తెలివి సంగతి మాత్రం పక్కన పెట్టేద్దాం. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న ప్రయోగం వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విని, ఆకారాలను మనసులో తిప్పి చూసే పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటకు మించి నిలవలేదు. దాని నుంచే ఇంత ప్రచారం పుట్టింది. లెక్కలకు మందుగా సంగీతాన్ని అమ్మితే, మార్కులు రాని రోజున తరగతి మూసేయాల్సి వస్తుంది. నేను లెక్కల కోసం సంగీతం చెప్పడం లేదు. డబ్బున్న ఇంటి పిల్లను సంగీతానికి పంపితే ఎందుకని ఎవరూ అడగరు. ఈ పిల్లల దగ్గరికి వచ్చేసరికే మనకు ప్రయోజనం గుర్తొస్తుంది. అదే నాకు మింగుడుపడదు.

మీరు లెక్కలు చెబుతానంటే పక్క గది ఖాళీగా ఉందేమో అడగండి. నవ్వులాటకు అనడం లేదు.

---

వెనక వరుస

ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి వెళ్లిపోతాను. ఇది చదివాక ఉండబట్టలేదు.

నేను అలాంటి ఉచిత తరగతి పిల్లవాణ్ణే. ఏడో తరగతిలో మృదంగం. తరగతిలో మూడు మృదంగాలు, పదకొండు మందిమి. ఇంట్లో తలగడ మీద వాయించేవాణ్ణి. దూది ఒక పక్కకు పోయిందని అమ్మ కేకలేస్తే బల్ల మీద వాయించాను. ఇప్పటికీ నా ఎడమ చెయ్యి కొంచెం బలంగా పడుతుంది, బల్ల మీద నేర్చిన చెయ్యి మరి.

మొదటి తరగతి నేను ఎందుకు మానేశానో చెబుతాను. ఏడాదికోసారి దాతలు వచ్చేవారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఇంట్లో ఎంతమంది, నాన్న ఏం చేస్తాడు అని మైకులో చెప్పేవారు. ఆ తర్వాత వాయించమనేవారు. చప్పట్లు దేనికి కొడుతున్నారో నాకు తెలిసిపోయేది. నేను ఆ రోజు మూడో కాలంలో ఒక్క అక్షరం కూడా తప్పలేదు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కడే అందరి ముందు, తాళం తప్పావని ఒక్కరు తిట్టి ఉంటే నేను మానేవాణ్ణి కాదేమో.

రెండో తరగతిలో నిలబడ్డాను. అక్కడి మా మాస్టారు తిట్టేవారు. బాగా తిట్టేవారు. మూడు వారాలు నేను రాకపోతే ఏమైందని అడగలేదు, "ధ్రువతాళం అలంకారం పాఠం నీకు బాకీ ఉంది, కూర్చో" అన్నారు. నా చోటు నా చోటులాగే ఉంది. నేను లేని మూడు వారాలు అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదని తర్వాత తెలిసింది. మానేసిన పిల్లలకు తిరిగి రావడమే కష్టం సార్, మానేయడం కాదు. తిరిగి వస్తే అందరూ తలెత్తి చూస్తారు. సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ సంజాయిషీ ఇంటి సంగతి అయి ఉంటుంది, అది బయట చెప్పలేం. కాబట్టి ఆ పిల్లవాడు కనబడితే ఎందుకు రాలేదని అడగకండి. గమకం గారు కనుక్కోమన్నారు, కానీ వాణ్ణి కాదు అడగాల్సింది. వాళ్ల ఇంట్లో ఎవరినైనా మామూలుగా పలకరించండి. వాణ్ణి మాత్రం రమ్మనండి, అంతే.

నేను సంగీతంతో బతకడం లేదు. ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. సాయంత్రాలు వాయిస్తాను.

---

పాత కమాను

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. జవాబులను కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే టిక్కు పెడుతూ వెళ్లాను. పాత అలవాటు.

బిరడా గారూ, తొమ్మిదిలో ఏడు ఫుల్ సైజువి. మిగిలిన అయిదుగురి చేతులూ కొలిచాను. 58 దాటింది ఒక్కరికే. తొమ్మిది నెలలుగా ఒక పాప మెడ నొప్పి అంటుంటే "అలవాటవుతుందమ్మా" అని చెప్పుకుంటూ వచ్చాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాకే మెడ పట్టేసినట్లు ఉంది. నాలుగు పెద్ద వయొలిన్లు ఇచ్చేసి రెండు అరవి, ఒక ముప్పావుది మార్పిడి చేసుకున్నాను. ఒకదానిలో పుల్ల గలగలమంటోంది. చీపురుపుల్ల జోలికి పోలేదు.

గమకం గారూ, మంగళ, గురువారాలు కూడా గది అడిగాను, ఇచ్చారు. పేపరు చదువుకుంటూ నోరు మూసుకుని కూర్చోవడం నేను అనుకున్నంత సులువుగా లేదు. కాకలి నిషాదం (ని స్వరం) పావు వీసం తగ్గినా లేవబోతాను. మొన్న ఆ మెడ నొప్పి పాప, "సార్, ఈరోజు పాఠం లేదు కదా, మీ పని మీరు చూసుకోండి" అంది.

మాస్టారూ, పక్క గది ఖాళీగానే ఉంది.

వెనక వరుస గారూ, మీరు రాసింది చదివిన రాత్రి నాకు మళ్లీ నిద్ర పట్టలేదు, ఈసారి సంతోషంతో కాదు. ఆ పిల్లవాడి నాయనమ్మ కనబడితే ఆరోగ్యం ఎలా ఉందని పలకరించాను. మాటల్లో తెలిసింది. తల్లి సాయంత్రాలు పనికి కుదిరింది, మూడేళ్ల తమ్ముణ్ణి వీడే చూసుకోవాలి. మధ్యాహ్నం మూడున్నర దాకా తల్లే చూస్తుందట. వాణ్ణి నేనేమీ అడగలేదు. గురువారం గది మూడింటికే తీస్తున్నానని, తమ్ముడు వచ్చినా చాప మీద చోటుందని నాయనమ్మతో అన్నాను.

రెండు గురువారాలు రాలేదు. నిన్న వచ్చాడు, చంకలో తమ్ముడు. జంట వరుసలు బాకీ ఉన్నాయి, కూర్చో అన్నాను. ఆ చిన్నవాడు కమాను పెట్టె మూత తీస్తూ మూస్తూ గంటసేపు ఆడుకున్నాడు. రేపటి నుంచి రోజిన్ కాస్త ఎత్తులో పెట్టాలి.